పెద్ద ట్రావెల్ ట్రైలర్ లోపల ఏం చూడాలి, ఎలా చూడాలి: బరంపురం నుంచి జయపురం దాకా మనవాళ్ళ కోసం పూర్తి గైడ్

ఈమధ్య మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చాలామంది ఒకటే అడుగుతున్నారు, అమెరికాలో మన పిల్లలు బండి వెనకాల ఇల్లు తగిలించుకుని తిరుగుతున్నారు కదా, అలాంటిది ఇక్కడ షెడ్డులో చేయించుకుని గోపాల్‌పూర్ దగ్గర స్థలంలోనో జీడితోటలోనో పెట్టుకోవచ్చా, లోపల ఏ గది ఎక్కడ రావాలి అని. మా చెల్లెలు వాళ్ళు డాలస్ దగ్గర ఉంటారు, వాళ్ళ పెద్ద ట్రైలర్‌లో ఉండి ప్రతి అర, ప్రతి పైపు దగ్గరుండి చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా. అక్కడ పిల్లల దగ్గరికి వెళ్ళి కొనేటప్పుడు పక్కన నిలబడే అమ్మానాన్నలకి కూడా ఇది పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఎవరైనా లోపలికి వెళ్ళగానే చూసేది సోఫా, టీవీ, మంచం. అవి కాదు చూడాల్సింది. మూడే మూడు చూడండి, బయటికి జరిగే గోడలు మూసేసి ఉన్నప్పుడు లోపల నడవగలమా, నీళ్ళు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయి, బరువు ఎక్కడ పడుతోంది. ఈ మూడూ సరిగ్గా ఉంటే సోఫా ఏ రంగైనా పర్లేదు.

1. ముందు నేలమీద గీయండి

పెద్ద ట్రావెల్ ట్రైలర్ అంటే అమెరికాలో 30 నుంచి 35 అడుగుల పొడుగు, 8 నుంచి 8.5 అడుగుల వెడల్పు, పైన ఏసీతో కలిపి ఎత్తు సుమారు 11 అడుగులు. ఇది బండి వెనక బంతిలాంటి కొక్కేనికి తగిలించి లాగేది. పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చునేది ఇంకోటుంది, దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు, అది వేరే రకం, రెండూ కలిపేసుకోకండి.

కంపెనీవాళ్ళు చెప్పే పొడుగులో ముందు ఇనప కొక్కెం భాగం కూడా కలిసుంటుంది, అదే మూడు నాలుగు అడుగులు పోతుంది. అంటే 30 అడుగుల బండి అన్నారంటే లోపల మీకు మిగిలేది 26, 26.5 అడుగులు, గోడల మందం పోను వెడల్పు ఏడున్నర, మొత్తం 200 చదరపు అడుగుల దాకా. పేపరు మీద ఇది అర్థం కాదు. పెరట్లోనో డాబా మీదో ముగ్గుపిండితో అసలు సైజులో గీయండి, మంచం 5 అడుగులు బై 6 అడుగుల 3 అంగుళాలు (అక్కడ ట్రైలర్లలో పెట్టే క్వీన్ మంచం చాలావరకు ఇంతే, మామూలు దానికన్నా కొంచెం పొట్టి), బాత్రూము, స్టవ్ గట్టు, అన్నీ గీసి ఇంట్లోవాళ్ళందర్నీ ఒకేసారి అందులో నిలబెట్టండి. అమ్మ వంటగట్టు దగ్గర ఉండగా నాన్న వెనకనుంచి బాత్రూముకి వెళ్ళగలరా లేదా అన్నది అప్పుడే తెలిసిపోద్ది.

2. ఏ లేఅవుట్ ఎవరికి

పెద్ద ట్రైలర్లలో ఎక్కువగా కనపడేవి మూడు నాలుగు రకాలే. ముందు భాగంలో పడకగది దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది, మారేది వెనక భాగం. బంక్ హౌస్ అంటే వెనకాల పిల్లలకి పైనొకటి కిందొకటి పరుపులు, పిల్లలున్న ఇంటికి అదే మంచిది. రియర్ లివింగ్ అంటే వెనకంతా కూర్చునే గది, పెద్ద కిటికీ, ఇద్దరే ఉండేవాళ్ళకి హాయి. రియర్ కిచెన్ అంటే వెనక గోడ పొడవునా వంట, గట్టు బాగా దొరుకుద్ది. రియర్ బాత్ అంటే వెనక వెడల్పంతా బాత్రూమే.

మన ఉమ్మడి కుటుంబాలకి నేనైతే బంక్ హౌస్‌నే ఎంచుతా, కానీ ఒక షరతు మీద. బాత్రూము తలుపు పెద్దవాళ్ళు పడుకునే చోటునుంచి నాలుగు అడుగుల్లో ఉండాలి, రాత్రి లేచి పిల్లల కాళ్ళు దాటుకుని వెళ్ళే పని ఉండకూడదు. డైనింగ్ బల్ల దించి మంచం చేసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది, బంధువులొచ్చిన రాత్రి బానే ఉంటుంది గానీ రోజూ పడుకోవడానికి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, పొద్దున్నే టిఫిన్‌కి మళ్ళీ పరుపు ఎత్తాల్సిందే. బంకు మీద ఎంత బరువు ఆగుద్దో అక్కడే స్టిక్కర్ ఉంటుంది, పై బంకు పెద్దవాళ్ళకి ఇచ్చే ముందు అది చదవండి.

మెట్లు కూడా ఇప్పుడే చూస్కోండి. నేలనుంచి గది మట్టం రెండున్నర, మూడు అడుగులు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ ఎక్కాలంటే మడతపెట్టే సన్నటి ఇనపమెట్లు చాలవు, నేలకి గట్టిగా ఆనే వెడల్పు మెట్లు, పట్టుకోడానికి పొడవాటి కడ్డీ, రెండూ కావాలి.

3. అమెరికా బొమ్మని అద్దంలో తిప్పండి

ఇది ఎవరూ చెప్పట్లేదు, అందుకే విడిగా రాస్తున్నా. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, కాబట్టి ట్రైలర్ తలుపు, ఎండకి చాచే పందిరి కుడివైపు ఉంటాయి, మనుషులు రోడ్డు అంచువైపు దిగుతారు. నీళ్ళ పైపులు, మురికి గొట్టం, కరెంటు వైరు ఎడమవైపు. మనది ఎడమచేతి వాటం రోడ్డు. ఆ బొమ్మని ఉన్నదున్నట్టు దించి చేయించారంటే తలుపు తీయగానే లారీల వైపు దిగుతారు, పర్లాకిమిడినుంచి నరసన్నపేట వెళ్ళే రోడ్డులో ఎక్కడైనా పక్కకి ఆపితే పిల్లలు సీదా రోడ్డు మీదకే. కాబట్టి ప్లాన్ మొత్తం కుడి ఎడమలు మార్చి గీయించండి, తలుపు, పందిరి ఎడమకి, పైపులూ ట్యాంకు వాల్వులూ కుడికి. తలుపు ఒక్కటి మారిస్తే చాలదు, వంటగట్టు, బాత్రూము, కింద ట్యాంకులు అన్నీ దాంతోపాటు మారాలి, అందుకే ఇనప చట్రం వెల్డింగ్ మొదలెట్టక ముందే ఇది తేల్చుకోవాలి.

4. స్లయిడ్ అవుట్ మూసి చూడండి

పెద్ద ట్రైలర్ల అసలు ఆకర్షణ స్లయిడ్ అవుట్, అంటే గోడలో కొంత భాగం సోఫా, బల్లతో సహా సొరుగులా రెండున్నర మూడు అడుగులు బయటికి జరగడం. తెరిస్తే హాలంత కనపడుద్ది. షోరూముల్లో ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. మీరు మాత్రం మూయమని అడగండి, మూసింతర్వాత లోపలికి వెళ్ళి బాత్రూముకి దారుందా, ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటోందా, కనీసం ఒక మంచం దగ్గరికైనా చేరగలమా చూడండి. కొన్ని లేఅవుట్లలో మూస్తే నడవడానికి జానెడు కూడా ఉండదు. దారిలో అన్నం తిందామని ఆపినా, వర్షంలో ఇరుక్కున్నా, మోటారు పనిచెయ్యకపోయినా మీకు మిగిలేది ఆ మూసిన ఇల్లే.

మోటారు ఆగిపోతే చేత్తో తిప్పి మూసే ఏర్పాటు ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోండి, దాని హ్యాండిల్ ఏ అరలో ఉందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి.

ఇక్కడ చేయించుకునేవాళ్ళకి నా సలహా సూటిగా చెప్తా, స్లయిడ్ వద్దు. దాని బరువు, మోటారు, చుట్టూ రబ్బరు సీళ్ళు, మన వానకి ఆ రబ్బరు సందుల్లోనుంచి నీళ్ళు దిగడం, దాన్ని బాగుచేసే మనిషి దగ్గర్లో లేకపోవడం, ఇవన్నీ కలిపితే ఆ మూడు అడుగులకి అంత విలువ లేదు. దాని బదులు తలుపువైపు పెద్ద పందిరి వేయించండి, మనవాళ్ళు ఎలాగూ సాయంత్రం ఆరుబయటే కూర్చుంటారు.

5. నీళ్ళు

ఇది నెమ్మదిగా చదవండి, ట్రైలర్‌లో ఉండేవాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్ళది, స్నానం వంట నీళ్ళు పోయేది, దాన్ని గ్రే ట్యాంకంటారు, టాయిలెట్‌ది, దాన్ని బ్లాక్ ట్యాంకంటారు. పెద్దవాటిలో మంచినీళ్ళు 150 నుంచి 230 లీటర్లు, మిగతావి ఒక్కోటి 110 నుంచి 150 లీటర్లు అనుకోండి.

ఇప్పుడు మన లెక్క చూడండి. ఆరుగురు, మనిషికి బకెట్ స్నానం 18 లీటర్లు పట్టినా 108 లీటర్లు. వంట, గిన్నెలు, కాళ్ళు కడుక్కోడం కలిపితే 200 లీటర్ల ట్యాంకు ఒక్కరోజుకి మించి రాదు, గ్రే ట్యాంకు అంతకన్నా ముందే నిండిపోద్ది. అమెరికావాళ్ళు టాయిలెట్‌లో కాగితం వాడతారు, మనం నీళ్ళు వాడతాం, కాబట్టి బ్లాక్ ట్యాంకు కూడా వాళ్ళకన్నా తొందరగా నిండుద్ది. కొత్తగా చేయించేవాళ్ళు మంచినీళ్ళకి 300 లీటర్లు, బ్లాక్‌కి 200 లీటర్లు పెట్టించుకోండి, కానీ నీళ్ళు లీటరుకి కిలో అని మర్చిపోవద్దు. మంచినీళ్ళ ట్యాంకు చక్రాల ఇరుసుకి సరిగ్గా పైన గానీ కాస్త ముందుకి గానీ ఉండాలి, బండి తోకలో 300 కిలోలు పెడితే ఏమవుద్దో కింద బరువు దగ్గర చెప్తా.

బ్లాక్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు కారిపోయి గట్టిది అడుగున పేరుకుని గుట్టవుద్ది, తర్వాత అది కదలదు. మొదట్లోనే కొన్ని లీటర్ల నీళ్ళు పోసి వాడకం మొదలెట్టి, కనీసం మూడింట రెండొంతులు నిండాక ఒక్కసారి వదలండి. వదిలేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే, అప్పుడు సబ్బునీళ్ళు ఆ గొట్టాన్ని కడిగేస్తాయి. ఎక్కడ వదలాలి అంటే, సొంత స్థలమైతే మామూలు ఇంటికి కట్టినట్టే సెప్టిక్ ట్యాంకు కట్టించి దానికి కలపండి, లేదంటే సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపించండి. వంశధారలోనో సముద్రం ఒడ్డునో పొలం గట్టునో వదలడం మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు, ఆ నీళ్ళు తాగేది, ఆ ఒడ్డున వలలు ఎండబెట్టుకునేది మనవాళ్ళే.

గంజి, పోపు నూనె, అన్నం మెతుకులు సింక్‌లో పోయొద్దు. ఇంటి డ్రైనేజీలో పోయే గంజి ట్రైలర్ గ్రే ట్యాంకులో ఎండకి పులిసి వాసనొచ్చేస్తుంది. సింక్ కింద సన్నటి జల్లెడ, గంజికి వేరే గిన్నె, అంతే.

బాత్రూము తడి పొడి వేరుగా ఉండేలా చేయించండి. అక్కడి బాత్రూముల్లో నేల మొత్తం తడపడానికి వీల్లేదు, షవర్ తొట్టి లోపలే నీళ్ళు పడాలి. మనకి బకెట్, మగ్గు అలవాటు కాబట్టి షవర్ అడుగు కనీసం 3 అడుగులు బై 3 అడుగులు, అంచు 6 అంగుళాల ఎత్తు, మిగతా నేలకి కూడా ఒక చిన్న డ్రెయిన్ ఉంటే చెక్క నానకుండా ఉంటుంది. కుళాయికి బయట పైపు కలిపేటప్పుడు ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి, ట్రైలర్ లోపలి ప్లాస్టిక్ పైపులు మోటారు ప్రెషర్‌కి తట్టుకోలేవు.

6. వంట, గ్యాసు

అక్కడ గ్యాసు సిలిండర్లు ముందు కొక్కెం మీద, బయట ఉంటాయి. ఆ పద్ధతే మనమూ పాటించాలి, సిలిండర్ ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల గట్టుకింద పెట్టొద్దు. గ్యాసు గాలికన్నా బరువు, లీకయితే నేలమీదే పాకుద్ది, అందుకే గ్యాసు అలారం నేలకి దగ్గరగా పెడతారు, పొగ అలారం పైకప్పుకి. రెండూ పెట్టించండి. పడకగదిలో ఒక కిటికీ మనిషి దూకేంత పెద్దదిగా, లోపల్నించి ఒక్క లాగుతో తెరుచుకునేదిగా ఉండాలి, తలుపువైపు మంట ఉంటే బయటపడే దారి అదే, దానికి గ్రిల్లు బిగించేయకండి.

స్టవ్ కిటికీ పక్కన, గట్టిగా లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను కింద రావాలి. ఎండుమిరపకాయల పోపు పెట్టారంటే 200 చదరపు అడుగుల్లో అందరూ దగ్గుతూ బయటికి రావాల్సిందే. వీలైతే తలుపు పక్కన బయట గోడకి మడతబల్ల పెట్టించి ఇంకో స్టవ్ బయట పెట్టుకోండి, అక్కడి పెద్ద ట్రైలర్లలో కూడా బయట వంట అర ఉంటుంది, ఆ ఫీచర్ మాత్రం మనకి సరిగ్గా సరిపోయింది. దేవుడి అర స్టవ్‌కీ కర్టెన్‌కీ దూరంగా పెట్టుకుని, బండి కదిలేటప్పుడు దీపం కుందులూ పటాలూ గుడ్డలో చుట్టి కింది అరలో పెట్టండి.

7. కరెంటు

అమెరికా ట్రైలర్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. కాబట్టి అక్కడి ఏసీ, మైక్రోవేవ్ ఇక్కడ ప్లగ్గులో పెట్టడానికి ఉండదు. ఇక్కడ చేయించేటప్పుడు ఇంటి సామానే వాడండి.

అక్కడ 30 ఆంపుల కనెక్షన్ అంటే 3,600 వాట్లు, పెద్దవాటికి 50 ఆంపులు, అది రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు. పైకప్పు ఏసీ 13,500 బీటీయూ అంటే మన లెక్కలో టన్ను పైచిలుకు, 15,000 అంటే టన్నుంపావు. 35 అడుగుల బండికి మే నెలలో మన దగ్గర ఒక్కటి చాలదు, పడకగదికొకటి హాలుకొకటి పెట్టాలి. గోడల్లో, పైకప్పులో పఫ్ ప్యానెల్ (వేడి లోపలికి రానివ్వని నురగ పలక) వేయిస్తే ఏసీ మీద భారం బాగా తగ్గుద్ది, డబ్బు పెట్టేదేదో ముందు అక్కడ పెట్టండి.

బ్యాటరీ మీద ఏసీ నడుస్తుందా అని అందరూ అడుగుతారు. 12 వోల్టుల 100 ఆంప్ అవర్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు, మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగమే వాడుకోవాలి. ఏసీ ఏమో 1,300, 1,500 వాట్లు తీస్కుంటుంది. గంట కూడా రాదన్నమాట. అదే బ్యాటరీ మీద లైట్లు, నీళ్ళ పంపు, 12 వోల్టుల ఫ్యాన్లు రాత్రంతా నడుస్తాయి. ఫ్రిజ్ విషయంలో ఒకటి, గ్యాసు మీద నడిచే పాతరకం ఫ్రిజ్ బండి సమమట్టంలో ఉంటేనే పనిచేస్తుంది, కంప్రెసర్‌దైతే ఆ బాధ లేదు.

8. బరువు, లాగే బండి

ట్రైలర్ మీద రెండు అంకెలుంటాయి, ఖాళీ బరువు, గరిష్ఠ బరువు. ఉదాహరణకి ఖాళీగా 3,300 కిలోలు, గరిష్ఠం 4,000 అయితే మీ చేతిలో ఉన్నది 700. అందులో నీళ్ళు 200, రెండు సిలిండర్లు సుమారు 60, ఇక బ్యాటరీలు, పరుపులు, బియ్యం, గిన్నెలు. ఆ 700 ఎలా పోయాయో కూడా తెలీదు.

మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి, అంటే 4,000 కిలోల బండికి 400 నుంచి 600 కిలోలు. అంతకన్నా తగ్గి బరువు వెనక్కి పోతే స్పీడులో తోక ఊగడం మొదలవుద్ది, ఆ ఊపు లాగే బండిని కూడా తిప్పేస్తుంది. అందుకే వెనక వంటగది ఉన్న లేఅవుట్లలో గ్రానైట్ గట్టు పెట్టొద్దంటా. కొలవడం తేలికే, రైసుమిల్లు దగ్గర వేబ్రిడ్జి ఉంటుంది కదా, సామానంతా ఎక్కించి ట్రైలర్ విప్పి మొత్తం ఒకసారి కాటా వేయండి, తర్వాత చక్రాలు కాటా బయట ఉంచి ముందు జాకీ ఒక్కటే కాటా మీద ఆనించి ఇంకోసారి. రెండో అంకె మొదటిదాంట్లో ఎన్నో వంతో చూస్తే సరి.

మన ఊళ్ళలో తిరిగే ఎస్‌యూవీలు ఈ సైజుకి సరిపోవు. నాలుగు టన్నులకి తగిన బండి, ట్రైలర్ చక్రాలకి సొంత బ్రేకులు, డ్రైవర్ దగ్గర వాటి కంట్రోలు, కొక్కెం ఊడితే తనంతట తనే బ్రేకు పడే బ్రేక్‌అవే స్విచ్, అడ్డంగా దాటించి కట్టే రెండు గొలుసులు, ఇవన్నీ ఉండాలి. టైర్ల మీద నాలుగంకెల తేదీ చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ, అరగకుండా బావున్నా పాత టైరుని నమ్మొద్దు. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి డ్రాయింగ్ పట్టుకుని ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, అప్పుడు ఇనుము కొనండి.

ఘాట్ల సంగతి. సాలూరునుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ పోవడం మనందరికీ తెలిసిన రోడ్డే, ఆ మలుపుల్లో 30 అడుగుల ట్రైలర్ చక్రాలు లాగేబండి దారికన్నా లోపలికి కోస్తాయి, తోకేమో అవతలి లైన్లోకి ఊగుద్ది. పెద్ద ట్రైలర్‌ని గోపాల్‌పూర్, పర్లాకిమిడి, గుణుపురం లాంటి పల్లపు చోట్ల నిలిపి, దేవమాలి కొండ, డుడుమా జలపాతం కారులో చూసి రండి. నా మట్టుకు పెద్ద ట్రైలర్ అంటే ఏడాదిలో చాలా తక్కువ సార్లు కదిలే ఇల్లు, తిరగడానికైతే 15, 16 అడుగులది చేయించుకోండి.

9. నిలిపేటప్పుడు వరస

ఈ వరస తప్పొద్దు. ట్రైలర్ ఇంకా లాగేబండికి తగిలించి ఉండగానే అడ్డంగా మట్టం చూసి, పల్లంవైపు చక్రాల కింద చెక్కలు వేసి ఎక్కించండి. తర్వాత చక్రాలకి రెండువైపులా అడ్డు పెట్టండి. అప్పుడే కొక్కెం విప్పండి. ముందు జాకీతో ముందువెనకల మట్టం సరిచేయండి. ఆ తర్వాత నాలుగు మూలల జాకీలు దించండి, ఇవి ఊగకుండా ఆపడానికే, వీటితో బండిని ఎత్తితే చట్రం వంగుద్ది. స్లయిడ్ ఉంటే అన్నిటికన్నా చివర.

10. వాన, ఉప్పుగాలి, తుఫాను

పైకప్పు మీద ఏసీ, వెంటిలేటర్, పైపుల చుట్టూ సీలెంటు జూన్‌కి ముందొకసారి, వానలయ్యాక ఒకసారి ఎక్కి చూడండి. గోడ ఎక్కడైనా బుడగలా ఉబ్బిందంటే లోపల నీళ్ళు దిగి అతుకు వదిలేసిందని అర్థం, పాతది కొనేటప్పుడు చెయ్యి పెట్టి గోడంతా నొక్కి చూడండి, మూలల్లో నేల మెత్తగా దిగుతోందేమో కాలితో తొక్కండి. గోపాల్‌పూర్ వైపు పెట్టేవాళ్ళు చట్రాన్ని మంచినీళ్ళతో తరచూ కడగాలి, లేదంటే ఉప్పు తినేస్తుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి మన గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. ట్రైలర్ పొడవాటి పక్కగోడలకి అలాంటి గాలి తగిలితే చట్రం ఎంత బరువున్నా నిలవదు. నిలిపే చోట నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మల్లో ఇనపకొక్కేలు ముందే పాతించి, అక్టోబరు రాకముందే చట్రాన్ని వాటికి గొలుసులతో బిగించండి. పందిరి మడిచేయండి, స్లయిడ్ మూసేయండి, సిలిండర్ వాల్వులు కట్టేయండి, కరెంటు వైరు తీసేయండి, మంచినీళ్ళ ట్యాంకు నింపి ఉంచండి, ఆ బరువు కొంత నిలబెడుతుంది, తర్వాత తాగడానికీ పనికొస్తాయి. తుఫాను హెచ్చరిక వచ్చాక మాత్రం ఎంత బాగా కట్టినా మనుషులెవరూ అందులో ఉండొద్దు, పక్కా ఇంట్లోకో తుఫాను షెల్టర్‌కో వెళ్ళిపోండి.